గల్ పాయింట్‌లో మునిగిన చెల్లెలు

ఓడెల్ పొద్దున్నే టీవీ స్టూడియోలో స్టేజి తలుపు తీసి, దీపాలు వేసి, బకెట్టూ తుడుపుకర్రా పట్టుకుని తిన్నగా రేవు సెట్ దగ్గరకి వెళ్తాడు. "కాళ్లు ఎత్తమ్మా నెల్," అంటాడు. నెల్ కాళ్లు ఎత్తుతుంది. రాత్రంతా ఆమె ఒంటిమీంచి కారిన నీళ్లు తుడిచి, పిండి, 'జాగ్రత్త, జారుతుంది' అని రాసున్న పసుపుపచ్చ బోర్డు ఆమె పక్కన నిలబెట్టి, కాఫీ చేతికిచ్చి తన మిగతా పనులు చూసుకుంటాడు. నెల్ జుట్టులోంచి కాఫీలోకి రెండు చుక్కలు పడతాయి. సముద్రపు నీళ్లు గనక ఉప్పగానే ఉండాలి. ఆమె ఎన్నడూ పేచీ పెట్టలేదు.

నెల్ 'గల్ పాయింట్' సీరియల్‌లో పాత్ర. నటి కాదు, పాత్ర. నాలుగో సీజన్ చివర్లో పడవ మునిగి చనిపోయింది. బర్బాంక్ స్టూడియోల్లో పాత్ర చనిపోతే ఆ నటికి కేకు కోసి, పూలిచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపిస్తారు. పాత్ర కూడా ఆమె వెంటే పోతుంది. టీవీవాళ్లకి చావంటే కాంట్రాక్టు అయిపోవడమే. నెల్ మాత్రం పోలేదు. నటి కేకు తిని కారెక్కి ఇంటికి వెళ్లింది, నెల్ తడిబట్టలతో రేవు బల్ల మీద కూర్చుండిపోయింది. మర్నాడు వచ్చి చూస్తే అక్కడే ఉంది. సరే, ఉండనీ అనుకున్నారు.

గొడవల్లా ఆ నీళ్లు ఎవరు తుడవాలన్న దాని మీదే వచ్చింది. వాన కురిపించే శాఖవాళ్లు, షూటింగ్ అయ్యాక కారే నీళ్లతో మాకు సంబంధం లేదన్నారు. సెట్ సర్దేవాళ్లు, మనిషి ఒంటిమీంచి కారేవి దుస్తుల శాఖ కిందకి వస్తాయన్నారు. దుస్తుల శాఖవాళ్లు, బట్టలు మావే గానీ సముద్రం మాది కాదన్నారు. యూనియన్ పెద్దలు కూర్చుని, కాఫీలు తాగి, చివరికి స్టేజి లోపల పడ్డ ప్రతి చుక్కా ఓడెల్ వాళ్లదని తేల్చారు. గుమ్మం అవతల పడితే ఎవరిదో తేల్చలేదు. నెల్ గుమ్మం దాటే మనిషి కాదు గనక ఆ అవసరం రాలేదు.

ఆ నటి తర్వాత ఓసారి వేరే పని మీద వచ్చి నెల్‌ని చూసి పక్కన కూర్చుంది. తనకి నడుం లావైంది, గడ్డం కింద చర్మం జారింది. నెల్ అప్పటి నాజూకుతోనే ఉంది. "నీకేమమ్మా, మునిగావు, బతికిపోయావు," అని నిట్టూర్చి వెళ్లింది.

నెల్‌ని రాసిందీ, ముంచిందీ కూడా లొరెట్టా వుకిచ్. శాన్ పెడ్రో రేవులో చేపలు పట్టుకు బతికే ఇంట్లో పుట్టి, బర్బాంక్‌లో కథలు పట్టుకు బతుకుతున్న మనిషి. అరవై దాటినా నడకలో వేగం తగ్గలేదు. ఎవరైనా మాట్లాడుతుంటే తల కొంచెం పక్కకి వంచి వింటుంది, అది చూసి జనం ఎంత శ్రద్ధ అని మురిసిపోతారు. ఆమె వింటున్నది మనిషిని కాదు, మాటని. పనికొచ్చే మాటేదో, పనికిరానిదేదో ఆ చెవికి ఇట్టే తెలిసిపోతుంది.

ఆ వృత్తే అలాంటిది. సీరియల్ రాసేవాళ్లంతా ఒక గదిలో బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు తన విడాకుల గురించి చెప్తాడు, ఒకావిడ తన తల్లి తాగుడు గురించి చెప్తుంది. గదిలో చెప్పింది గది దాటకూడదని నియమం. గది దాటదు, తిన్నగా టీవీలోకి వెళ్తుంది. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందని లోకం భయపడుతుంది గానీ, అలా పడ్డదాన్ని కార్డు మీద రాసి గోడకి గుచ్చడమే వీళ్లకి ఉద్యోగం.

లొరెట్టా గుచ్చింది తన చెల్లెలు టెస్‌ని.

వాళ్ల నాన్న మంచాన పడితే మూడేళ్లు టెస్ ఒక్కతే చూసింది. స్కూల్లో పిల్లలకి వంట చేసి వచ్చి, నాన్నకి తినిపించి, ఒళ్లు తుడిచి, పక్కలు మార్చేది. లొరెట్టా వీలైన ఆదివారం వచ్చేది, వీలు కాని ఆదివారాలే ఎక్కువ. చివరి రోజున మాత్రం ఉంది. నాన్న కళ్లు తెరిచి, వలలు లోపల పెట్టారా, వాన వచ్చేలా ఉంది అన్నాడు. ఆ మాట అయీ అవకముందే లొరెట్టా చెయ్యి సంచిలోకి, కలం కోసం వెళ్లింది. ఆమె కావాలని చెయ్యలేదు. వంటమనిషి చెయ్యి ఉప్పు మీదకి పోయినట్టు పోయింది. టెస్ చూసింది.

అంత్యక్రియల భోజనాల దగ్గర, బంధువులందరి ముందూ టెస్ అనేసింది: "నువ్వు నాన్నని చూడ్డానికి రాలేదక్కా. మాటలు ఏరుకోవడానికి వచ్చావు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగిన రకం నువ్వు." లొరెట్టా కూడా తక్కువ తినలేదు. ఈ ఇంట్లో పడుండటం తప్ప నువ్వు జీవితంలో చేసిందేముంది అంది. ప్లేటు అలాగే వదిలేసి కారెక్కింది.

కొన్నాళ్లకి ఆ తగువు కార్డు మీదకి ఎక్కింది. 'గల్ పాయింట్'లో రూత్, నెల్ అని అక్కాచెల్లెళ్లు. తండ్రి పోయాక మాటా మాటా అనుకుంటారు. నెల్ ఊరు విడిచి వెళ్లిపోతూ, సాయంత్రం పడవకి వెళ్తున్నాను, ఉండమనాలంటే రేవుకి రా అని కబురు పెడుతుంది. రూత్ వంటింట్లో తొట్టి దగ్గర నిలబడి ఒకే కప్పుని కడిగిందే కడుగుతూ ఉంటుంది. కిటికీలోంచి రేవు కనిపిస్తూనే ఉంటుంది. వెళ్లదు. పడవ కదులుతుంది, తుఫాను వస్తుంది, తెల్లారి ఆ పడవ చెక్కలు ఒడ్డుకి కొట్టుకొస్తాయి. ఆ ఎపిసోడ్‌కి దేశం దేశమంతా ఏడ్చింది. లొరెట్టాకి బహుమతి ఇచ్చారు, వేదిక మీద ఆమె మా నాన్నకి అంకితం అని చెప్పింది. చెల్లెలి పేరు ఎత్తలేదు.

ఆ తర్వాతే ఆమె ఒక తప్పు చేసింది. ఆ వృత్తిలో వాళ్లు తప్ప ఇంకొకళ్లు చెయ్యలేని తప్పు. రాసేసిన పనిని చేసేసిన పని అనుకుంది. చెల్లెలి కోసం పడాల్సిన బాధంతా రూత్ చేత పడించింది, ఏడవాల్సిందంతా ఏడిపించింది. ఇంకేం మిగిలింది? కథ ముగిసింది. టెస్ శాన్ పెడ్రోలో నాన్న ఇంట్లో బతికే ఉందనీ, ఫ్రీవే ఎక్కితే గంట ప్రయాణమనీ ఆమెకి తెలియక కాదు. ముగిసిన ఎపిసోడ్‌లోకి మళ్లీ ఎవరూ వెళ్లరు గదా అన్నట్టు ఉండిపోయింది. అలా పద్నాలుగేళ్లు గడిచాయి.

ఇంతలో 'గల్ పాయింట్' ముసలిదై ఆగిపోయింది. దాని కడుపున 'గల్ పాయింట్ నార్త్' పుట్టింది. పాత సీరియల్‌లో డాక్టరు కూతురు పెద్దదై ఇంకా ఉత్తరాన ఒక దీవికి వెళ్లి అక్కడ కాపురం పెట్టడం దాని కథ. స్టూడియోలో అందరూ మొదటిదాన్ని అమ్మ అనీ, రెండోదాన్ని పిల్ల అనీ అనేవారు. అదే స్టేజి, అదే రేవు సెట్, కాకపోతే నీలం రంగు వేశారు. రంగు వేసేటప్పుడు నెల్ కాసేపు లేచి నిలబడింది, ఆరాక మళ్లీ కూర్చుంది. కెమెరా వాళ్లు ఆమె కనపడకుండా షాట్ పెట్టుకోవడం అలవాటు చేసుకున్నారు.

పిల్లని రాసే గదికి పెద్దదిక్కు ఇమానీ బ్రూస్టర్, లొరెట్టా ఇప్పుడు ఆమె కింద రాస్తోంది. ముప్ఫై నాలుగేళ్లుంటాయి. నవ్వుతూనే మనిషిని గోడకి ఆనించగలదు. లొరెట్టా మీద గౌరవం ఉంది, భయం లేదు. ఆ సంవత్సరం ఆమె ఒక అక్కాచెల్లెళ్ల కథ కావాలంది. తండ్రి పోతాడు, తగువొస్తుంది, చెల్లెలు పెట్టె పట్టుకుని రేవులో నిలబడుతుంది. గదిలో వాళ్లంతా లొరెట్టా వంక చూశారు.

"ఇది మనం చేసేశాం," అంది లొరెట్టా.

"అమ్మలో చేశాం. అమ్మలో అక్క రాలేదు. పిల్లలో వస్తుంది."

"వస్తే ఏముంది? ఇంటికి వెళ్తారు, భోంచేస్తారు, పడుకుంటారు. దాన్ని ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను," అంది ఇమానీ.

లొరెట్టా వాదించింది. ఆ రోజుల్లో వారానికి ఒక గంటే కథ, జనాన్ని ఏడిపించి వచ్చే వారం దాకా ఆ ఏడుపులోనే నానబెట్టేవాళ్లం, అందుకే ఇప్పటికీ గుర్తుంచుకున్నారు అంది. ఇప్పుడు సీజను సీజనంతా కూర్చున్న చోటినుంచి లేవకుండా చూసేస్తున్నారనీ, చావు తర్వాత చావు చూసి జనానికి మొహం మొత్తిందనీ, ఒక్కసారైనా తలుపు తీస్తే ఏమవుతుందో చూడాలని ఉందనీ ఇమానీ అంది. తియ్యటి కథలు పళ్లు పుచ్చిపోయేలా చేస్తాయంది లొరెట్టా. చేదు కథలు మాత్రం కడుపు నింపాయా అంది ఇమానీ. గదిలో మిగతావాళ్లు చేతిలో కార్డులు తిప్పుకుంటూ కూర్చున్నారు.

అప్పుడు ఇమానీ గొంతు కొంచెం తగ్గించింది. "ఒకటి చెప్తాను లొరెట్టా గారూ. మీ ఎపిసోడ్ వచ్చినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను, సెలవలకి ఇంటికి వచ్చాను. మా అమ్మకీ మా పిన్నికీ తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. పడవ చెక్కలు ఒడ్డుకి వచ్చే షాట్ చూసి మా అమ్మ టీవీ కూడా ఆపకుండా లేచి వెళ్లి పిన్నికి ఫోన్ చేసింది. పిన్ని ఇప్పుడు మా ఇంటి పక్క వీధిలో ఉంటుంది. నేను ఈ ఉద్యోగంలోకి వచ్చింది ఆ ఎపిసోడ్ వల్లే. అందుకే అడుగుతున్నాను, అక్క రావడం కూడా మీరే రాయండి."

లొరెట్టాకి మొదట గర్వం వచ్చింది. రాసేవాళ్లకి మొదట వచ్చేది అదే, దాన్ని తప్పు పట్టి లాభం లేదు. ఆ వెనకే ఇంకొకటి వచ్చింది. ముక్కూ మొహం తెలియని ఆవిడెవరో లేచి చెల్లెలికి ఫోన్ చేసింది. రాసిన తను చెయ్యలేదు.

అయినా ఒప్పుకుంది. ఒప్పుకుని ఇరుక్కుంది. అక్కని ఇంట్లోంచి బయల్దేరదీసింది, కొండ దింపింది, రేవు దాకా నడిపించింది. అక్కడికి వచ్చాక ఏమనాలి? క్షమించు అంటే చవగ్గా ఉంది. వెళ్లకు అంటే పాత సినిమాలా ఉంది. నాన్న ఉంటే అని మొదలుపెడితే తనకే ఒళ్లు మండింది. జీవితమంతా మాటలు ఏరిన మనిషికి ఒక్క మాట దొరకలేదు.

ఓ మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లాక ఆమె స్టేజి మీదకి వెళ్లింది. నెల్ పక్కన ఓడెల్ వేసిపెట్టే పొడి గుడ్డ మీద కూర్చుంది. నెల్ మొదట్నుంచీ లొరెట్టాని అక్కా అనే పిలిచేది. రూత్‌లో ఉన్నది ఎవరో ఆమెకి తెలుసు మరి.

అక్క వస్తే ఏమనాలి అని లొరెట్టా అడిగింది. వృత్తికి సంబంధించిన ప్రశ్న అడిగినట్టే అడిగింది.

నెల్ ఆలోచించింది. "ఏమీ అనక్కర్లేదక్కా. పెట్టె బరువుగా ఉంది. రెండో వైపు పట్టుకుంటే చాలు."

లొరెట్టా ఆ సాయంత్రమే రాసేసింది. అక్క వస్తుంది. ఏమీ అనదు. పెట్టెకి రెండో వైపున్న పిడి పట్టుకుంటుంది. ఇద్దరూ ఇంటి దారి పడతారు. ఒక్క మాట లేదు. ఇమానీ చదివి, ఒక్క అక్షరం కూడా మార్చకుండా షూటింగ్‌కి పంపింది.

షూటింగ్ రోజున స్టేజి నిండా జనం. నెల్‌ని కెమెరా వెనక్కి, పరికరాల పెట్టెల పక్కన కూర్చోబెట్టారు. తన చోట్లో ఇంకొకమ్మాయి పెట్టె పట్టుకుని నిలబడితే నెల్ మెడ చాచి చూసింది. అక్క వేషం వేసినామె చాటునుంచి వచ్చింది. పరుగెత్తలేదు. తొట్టిదగ్గర పని మధ్యలో వదిలేసి వచ్చినదానిలా తడిచేతులు కోటుకి తుడుచుకుంటూ వచ్చింది. వంగింది, పిడి పట్టుకుంది. ఇద్దరూ పెట్టె ఎత్తారు. మొదటి షాటే సరిపోయింది. దర్శకుడు ఆపమనడం కూడా మర్చిపోవడంతో వాళ్లిద్దరూ ఆ పెట్టెతో సెట్ చివరి దాకా నడిచి, గోడ తగిలి ఆగారు. అందరూ నవ్వారు, కొందరు కళ్లు తుడుచుకున్నారు.

జనం చెదిరాక నెల్ లొరెట్టా దగ్గరకి వచ్చింది.

"అంతేనా అక్కా?" అంది. "వచ్చి ఉంటే చాలా?"

లొరెట్టా చేతిలో కాగితాలు సర్దుకుంది.

"రూత్‌కి కిటికీలోంచి నేను కనిపిస్తూనే ఉన్నాను. ఎందుకు రానివ్వలేదు?"

అబద్ధం చెప్పొచ్చు. అంత తడిసి ఉన్న మనిషికి అబద్ధం చెప్పడానికి లొరెట్టాకి నోరు రాలేదు. "వస్తే కథ అయిపోయేది," అంది.

"అయిపోతే?"

ఇన్నేళ్లలో లొరెట్టా ఆ ప్రశ్న తనకి తాను ఎప్పుడూ వేసుకోలేదు. కథ అయిపోకుండా చూడటమే ఆమెకి జీతమిచ్చే పని. అయిపోతే ఏముంది, ఇద్దరు మనుషులు మిగులుతారు.

నెల్ వెనక్కి తిరిగి స్టేజి తలుపు వైపు నడిచింది. ఓడెల్ తుడుపుకర్రతో ఆమె అడుగుల వెంట గుమ్మం దాకా వెళ్లాడు. గుమ్మం దగ్గర ఆగిపోయాడు. నెల్ ఎండలోకి దిగి, దుస్తుల బళ్ల మధ్యనుంచి గేటు వైపు వెళ్లిపోయింది. కాసేపటికి గేటు కాపలావాడు లొరెట్టాకి ఫోన్ చేశాడు. "మీ నెల్ శాన్ పెడ్రో బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగింది. గేటు పాస్ లేదు. పంపించనా?"

"పంపించండి," అంది లొరెట్టా.

నెల్ ఎక్కడికి వెళ్తోందో ఆమెకి అర్థమైంది. నెల్‌లో ఉన్నదంతా టెస్సే. ఆ నవ్వు, ఆ మొండితనం, అందరూ తిన్నాక తినే అలవాటు, అన్నీ టెస్‌వే తీసి పెట్టింది. నెల్‌కి వెళ్లడానికి ఇంకెక్కడుంది? అప్పుడే తను కూడా బయల్దేరాల్సింది. తాళాలు చేతిలోకి తీసుకుంది కూడా. కానీ మర్నాటి షూటింగ్‌కి నాలుగు పేజీలు మార్చి ఇవ్వాలి, ఇమానీ ఎదురుచూస్తోంది. పేజీలు అవగానే వెళ్దాం, ఒక్క పూటలో ఏం మునిగిపోతుంది అనుకుంది. అలా అనుకోవడం ఆమెకి కొత్త కాదు. నాన్న మంచాన ఉన్నన్నాళ్లూ అలాగే అనుకుంది. పేజీలు చాలా బాగా వచ్చాయి.

మర్నాడు మధ్యాహ్నానికి గానీ ఫ్రీవే ఎక్కలేదు. దారంతా ఏమనాలో వెతుక్కుంటూనే ఉంది. పెడ్రోలో కొండ మీద వీధి మారలేదు, రేవులో క్రేన్లు మాత్రం పెరిగాయి. నాన్న ఇంటి ముందు కారు ఆపి, గంట కొట్టడానికి చెయ్యి ఎత్తి, దించి, మళ్లీ ఎత్తింది.

టెస్ తలుపు తీసింది. జుట్టంతా తెల్లబడింది. ఒక తుంటి కొంచెం వంచి నిలబడింది. వాళ్లమ్మ అచ్చం అలాగే నిలబడేది.

"వచ్చావా," అంది. కోపం లేదు. ఆ లేకపోవడానికే లొరెట్టాకి భయం వేసింది.

లొరెట్టా అక్కడి దాకా తెచ్చుకున్న మాటలన్నీ పోయాయి. "టెస్, నేను చాలా తప్పు చేశాను," అని మాత్రం అంది.

"తెలుసు. లోపలికి రా."

వంటింట్లో చేపల కూర వాసన. వెనకగది తలుపు ఓరగా తీసి ఉంది. మంచం మీద నెల్ పడుకుని నిద్రపోతోంది, టెస్ పాత గౌను తొడుక్కుని. ఒంటి మీద చుక్క తడి లేదు. ఆరిన జుట్టు దిండు మీద పరుచుకుని ఉంది. అది గోధుమరంగు జుట్టు. లొరెట్టా ఇన్నేళ్లూ నలుపనుకుంది. రాసింది తనే, ఆ సంగతి తనకే తెలియదు.

"నిన్న చీకటి పడే వేళకి వచ్చింది," అంది టెస్. "గుమ్మంలో నిలబడి నేను నెల్‌ని అంది. తెలుసు, చూశానుగా అన్నాను. తువ్వాలు ఇచ్చాను. కూర్చుని, నీకేమైందో చెప్పు అని అడిగింది. అలా నన్ను ఎవరూ అడగలేదక్కా. చెప్పుకుంటూ పోయాను. నాన్న ఆఖరి నెలలు, రాత్రిళ్లు అమ్మ పేరు పెట్టి నన్ను పిలవడం, ఒకసారి విసుగొచ్చి నేను ఆయన మీద చెయ్యెత్తడం, ఆయన పోయాక ఈ ఇంట్లో ఆ నిశ్శబ్దం. అన్నీ చెప్పాను. వినేసరికి ఆమె ఒళ్లు ఆరిపోయింది. నాకూ తేలికైంది."

లొరెట్టా తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. నాన్న టెస్‌ని అమ్మ పేరుతో పిలిచేవాడని ఆమెకి తెలియదు. "నాకూ చెప్పు టెస్," అంది. "నేను వింటాను. ఈసారి నిజంగా వింటాను."

"నిన్న వచ్చుంటే నీకే చెప్పేదాన్నేమో. అయిపోయిందక్కా. పద్నాలుగేళ్లు లోపల పెట్టుకున్నాను, నిన్న కాస్తా ఖాళీ చేసేశాను. మళ్లీ తోడితే రాదు."

పొయ్యి మీద మూత కదిలితే వెళ్లి మంట తగ్గించి వచ్చింది. వచ్చి కూర్చుని, చేతులు బల్ల మీద పెట్టుకుంది.

"ఒకటి మాత్రం ఆమెకి చెప్పలేదు. చెప్తే బాధపడుతుంది. అది నీది. నువ్వు నన్ను ముంచిన ఆదివారం ఉంది చూడు, ఆ మర్నాడు పొద్దున్నే నీ దగ్గరకి వద్దామని అంతా సిద్ధం చేసుకున్నాను. నీకిష్టమని ఇదే కూర వండాను. గిన్నెకి తువ్వాలు చుట్టి పెట్టాను. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. సరే, నీ సీరియల్ ఒకటి చూస్తే, బాగుందక్కా అని మొదలుపెట్టొచ్చు గదా అని టీవీ పెట్టాను."

లొరెట్టా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"చూశాను," అంది టెస్. "నువ్వు రాలేదు, నేను పోయాను. ఓహో, అక్క మనసులో ఇదన్నమాట, నాకు కబురు పెట్టింది అనుకున్నాను. గిన్నె ఫ్రిజ్‌లో పెట్టేశాను. మూడు రోజులు తిన్నాను ఆ కూర."

కబురు కాదు అని లొరెట్టా చెప్పాలనుకుంది. అది కథ మాత్రమే అని చెప్పాలనుకుంది. కానీ నెల్ లోపల నిద్రపోతోంది, కథ మాత్రమే అనే మాట ఈ ఇంట్లో చెల్లదు. ఎక్కడో ఇమానీ తల్లి టీవీ ముందునుంచి లేచి ఫోను దగ్గరకి వెళ్లిన ఆ గంటలోనే, ఇక్కడ టెస్ లేచి ఫ్రిజ్ దగ్గరకి వెళ్లింది. లొరెట్టా ఏడ్చింది. ఈసారి ఆ ఏడుపు ఇంకెవరి చేతా ఏడిపించడానికి వీల్లేదు గనక తనే ఏడ్చింది, ముక్కు కారుతూ, వికారంగా. టెస్ ఓదార్చలేదు, కసురుకోలేదు. ఒక గుడ్డ తెచ్చి చేతికిచ్చింది.

ఏడుపు తగ్గాక లొరెట్టా అడిగింది, నేను ఇక్కడికి వచ్చేస్తాను, వెనకగదిలో ఉంటాను, రేపే ఉద్యోగం మానేస్తాను అని.

"వెనకగది నెల్‌కి ఇచ్చాను," అంది టెస్. "ఆమెకి ఇంకెవరున్నారు? నాకూ తోడు కావాలి. నీకు ఇల్లుంది, పనుంది." అని, కూర గిన్నె దించుతూ మెత్తగానే అంది: "నువ్వు ఆదివారాలు రా అక్కా. చుట్టపుచూపుగా."

లొరెట్టా సరేనంది. సరేననక ఏం చేస్తుంది? ఒకప్పుడు వీలైతే వచ్చేది, ఇప్పుడు ప్రతి ఆదివారం వస్తోంది. ఏదైనా తెచ్చి బల్ల మీద పెడుతుంది, ఎవరూ అడగకుండానే గిన్నెలు కడుగుతుంది, ఏమీ అడగదు. టెస్, నెల్ తమలో తాము ఏదో అనుకుని నవ్వుకుంటారు. ఆ నవ్వు దేనికో ఆమెకి అర్థం కాదు. పొద్దుపోయే వేళకి లేస్తే, ఉండమని ఎవరూ అనరు, మళ్లీ రమ్మని మాత్రం ఇద్దరూ అంటారు. స్టూడియోలో ఓడెల్‌కి పొద్దున్నే ఒక పని తగ్గింది, ఏం తోచక ఆ బల్ల దగ్గరే కాఫీ తాగుతున్నాడట.

పిల్ల సీరియల్‌లో అక్క రేవుకి వచ్చే ఎపిసోడ్ ఒక ఆదివారం సాయంత్రం వచ్చింది. అందరం కలిసి చూద్దాం రమ్మని టెస్సే ఫోన్ చేసింది. లొరెట్టా కొంచెం ముందే బయల్దేరింది, మంచి కోటు వేసుకుంది, గుమ్మం ముందు నిలబడి జుట్టు సరిచేసుకుని గంట కొట్టింది. తలుపు తీసింది నెల్. ఎండకి బుగ్గలు ఎర్రబడ్డాయి, కాస్త ఒళ్లు చేసింది, ఎవరో కొత్త మనిషిలా ఉంది. లొరెట్టాని చూసి నిండుగా నవ్వి, లోపలికి రండి కూర్చోండి అంటూ దారి ఇచ్చి, వంటింటి వైపు తిరిగి కేకేసింది.

"అక్కా, చుట్టాలొచ్చారు."